నిషేధం వేరు, భద్రత వేరు

గత నెలలో ఒకనాటి సాయంత్రం అసర్ నమాజ్ ముగించుకొని మా ఇంటి అరుగు మీద కూర్చుని ఉండగా బంధువుల అమ్మాయి ఒకతె ఫోను చేతబట్టుకొని వచ్చింది. నరసన్నపేటలో డిగ్రీ చదువుతున్న పిల్ల. “చాచా! నమాజ్ వేళలు చూపించే యాప్ వేసుకుందామంటే అది నేను ఎక్కడున్నానో చెప్పమంటోంది, ఫోనులోని నంబర్లన్నీ అడుగుతోంది, ఫొటోలు కూడా అడుగుతోంది. నమాజ్ వేళ చెప్పడానికి దానికి నా ఫొటోలతో ఏం పని?” అని అడిగింది. కాసేపాగి అసలు సంగతి చెప్పింది. ఇంట్లో ఈ విషయం మీదనే గొడవ జరుగుతున్నదట. “ఈ యాప్‌లన్నీ ప్రమాదం. ఫోను ఇచ్చెయ్యి, పెళ్లయ్యాక చూసుకుందువుగాని” అని అన్నయ్య పట్టుబట్టాడట. ఆమె కళాశాల కబుర్లు, స్కాలర్‌షిప్పు ఓటీపీలు, పాఠాలు అన్నీ ఆ ఫోనులోకే వస్తాయి. ఫోను పోతే ఆ పిల్లకు సగం చదువు పోయినట్టే.

ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసి, వేలాది దరఖాస్తులు నింపి, నింపించి విశ్రాంతి పొందినవాణ్ణి. అయినా ఆ అమ్మాయికి వెంటనే జవాబు చెప్పలేకపోయాను. రెండు రోజులు గడువడిగాను. ఆ రెండు రోజులలో నాకు తోచిన ఆలోచనలే ఈ వ్యాసం. ఇది ఒక్క మా ఇంటి సమస్య కాదు గనుక నలుగురి ముందు పెడుతున్నాను.

మన సముదాయంలో ఈ విషయమై రెండు మాటలు తరచూ వినిపిస్తుంటాయి. ఒకటి: “ప్రమాదకరమైన యాప్‌లను ప్రభుత్వమే నిషేధిస్తున్నది కదా, మిగిలినవి మంచివే.” రెండు: “మనం తప్పు చేయనప్పుడు మన సంగతులు ఎవరికి తెలిస్తే ఏమి?” ఈ రెండూ పొరపాటని నా అభిప్రాయం. ఎందుకో చెబుతాను.

రికార్డు గదిలో నేర్చుకున్నది

నా ఉద్యోగపు తొలి రోజులలో మా ఆఫీసులో ఒక రికార్డు గది ఉండేది. దానికి ఒకటే తాళం, ఆ తాళానికి ఒక బాధ్యుడు. ఎవరికైనా ఒక పాత కాగితం నకలు కావాలంటే దరఖాస్తు పెట్టాలి. ఎవరు అడిగారు, ఏ పని కోసం అడిగారు, ఏ తేదీన ఇచ్చాము, ఎవరు సంతకం పెట్టి తీసుకున్నారు అనే నాలుగు సంగతులు రిజిస్టరులో రాసేవాళ్లం. ఆ రోజుల్లో ఈ పద్ధతి మాకు విసుగు పుట్టించేది. ఆ నాలుగు గడులే ప్రజలకు రక్ష అని ఇప్పుడు తెలుస్తున్నది. కాగితం బయటికి పోతే ఎవరి చేతినుండి పోయిందో తెలిసేది, తప్పు చేసినవాడు దొరికేవాడు.

ఈనాడు మన పేరు, నంబరు, ముఖచిత్రం, తిరిగిన చోట్లు వందల రికార్డు గదులలో ఉన్నాయి. తాళం ఎవరి దగ్గర ఉన్నదో మనకు తెలియదు. నకళ్లు ఎన్ని వెళ్లాయో, ఎవరు తీసుకున్నారో రాసి ఉంచిన రిజిస్టరు మనకు చూపేవారు లేరు. “తప్పు చేయనివాడికి భయమెందుకు” అనేవారికి నేను చెప్పేది ఇదే: రికార్డు గదికి తాళం వేసేది లోపల ఉన్నవారు దొంగలని కాదు, బయటివారిలో ఎవరు ఎలాంటివారో తెలియదు గనుక.

మా శ్రీముఖలింగంలో వంశధార ఒడ్డున ఉన్న మధుకేశ్వరాలయంలో గంగరాజుల నాటి శాసనాలు ఎన్నో ఉన్నాయి. ఎవరు అఖండ దీపానికి దానమిచ్చారో, ఎంత ఇచ్చారో రాతి మీద పేర్లతో సహా చెక్కి ఉంది. ఆ దాతలు తమ పేరు లోకానికి తెలియాలని కోరి చెక్కించుకున్నారు. తానుగా చెప్పుకున్న సంగతికీ, తనకు తెలియకుండా పరుల చేతికి పోయిన సంగతికీ ఉన్న తేడా వెయ్యేళ్ల నాటి మనుషులకు కూడా తెలిసినదే.

2020లో మూసిన తలుపులు

2020 జూన్ 15న గల్వాన్ లోయలో మన సైనికులు ఇరవై మంది ప్రాణాలర్పించారు. వారిలో సూర్యాపేటకు చెందిన కల్నల్ సంతోష్ బాబు ఒకరు. తెలుగునాట ఆ వార్త విని కంట తడిపెట్టని ఇల్లు లేదు. ఆ నెల 29న కేంద్ర ప్రభుత్వం టిక్‌టాక్‌తో సహా 59 చైనా యాప్‌లను నిషేధించింది. జులైలో మరో 47, సెప్టెంబరు 2న పబ్‌జీతో కలిపి 118, నవంబరులో 43 యాప్‌లు ఆ జాబితాలో చేరాయి. 2021 జనవరిలో మొదటి 59 యాప్‌ల మీద నిషేధాన్ని శాశ్వతం చేశారు. సమాచార సాంకేతిక చట్టం, 2000లోని 69ఎ సెక్షను కింద ఈ ఉత్తర్వులు వెలువడ్డాయి. మన దేశపు వినియోగదారుల సమాచారం అనుమతి లేకుండా దేశం వెలుపలి సర్వర్లకు తరలిపోతున్నదనేది ప్రభుత్వం చెప్పిన కారణాలలో ముఖ్యమైనది.

ఆ భయం నిజం కాదని నేను అనను. సరిహద్దులో నెత్తురు చిందిన సమయాన దేశం తన జాగ్రత్త తాను చూసుకోవడం సహజం. అయితే ఒక గుమాస్తాగా నాకు కొన్ని ప్రశ్నలు మిగిలాయి. తలుపు మూశారు సరే, అప్పటికే బయటికి పోయిన కాగితాల మాటేమిటి? టిక్‌టాక్‌కు మన దేశంలో సుమారు 20 కోట్ల మంది వినియోగదారులున్నారని ఆనాడు పత్రికలన్నీ రాశాయి. వారు అప్పటివరకు ఇచ్చిన ఫొటోలు, నంబర్లు, ఊరు పేర్లు నిషేధపు ఉత్తర్వుతో వెనక్కి రాలేదు. ఆ ఉత్తర్వుల పూర్తి పాఠాన్ని ప్రజల ముందు పెట్టలేదు. 69ఎ సెక్షను కింద 2009లో చేసిన నియమాలలో 16వ నియమం వీటిని గోప్యంగా ఉంచమంటుంది. ఏ యాప్ ఏ తప్పు చేసిందో విడివిడిగా తెలిసి ఉంటే, అదే తప్పు చేస్తున్న మరో యాప్‌ను గుర్తుపట్టగలిగేవాళ్లం. అది తెలియలేదు గనుక దేశం పేరు చూసి మంచిచెడ్డలు నిర్ణయించడమే నేర్చుకున్నాం.

నా సంగతే చెబుతాను. రిటైరైన తరువాత మన పిల్లల స్కాలర్‌షిప్పులు, వితంతు పింఛన్లు, హజ్ దరఖాస్తుల పని మీద కాగితాలను ఫోనుతో స్కాను చేసి పంపుతుండేవాణ్ణి. అందుకు వాడిన యాప్ ఆ 59లో ఒకటి. నిషేధం వచ్చిన మర్నాడే దాన్ని తొలగించి, దేశభక్తి చాటుకున్నానని తృప్తిపడ్డాను. ఆ సాయంత్రమే మరో స్కాను యాప్ వేసుకున్నాను. అది అడిగిన అనుమతులన్నీ చదవకుండానే ఇచ్చేశాను. నా ఫోనులో అప్పటికి ఎన్నో కుటుంబాల ఆధార్ కార్డులు, బ్యాంకు పుస్తకాల మొదటి పేజీలు, ఆడవాళ్ల పాస్‌పోర్టు సైజు ఫొటోలు ఉన్నాయి. దరఖాస్తుల పని ఏనాడో ముగిసినా అవి అలాగే ఉన్నాయి. ఇది ఏ విదేశీ కంపెనీ చేసిన తప్పూ కాదు, నా తప్పే. పరుల అమానత్ నా జేబులో పెట్టుకొని తిరుగుతున్నానన్న ఎరుకే నాకు లేకపోయింది.

టిక్‌టాక్ పోయిన కొద్ది రోజులకే అటువంటి చిన్న వీడియోల కోసం వేరే కంపెనీలు కొత్త వేదికలు తెరిచాయి. పల్లెలలో పాటలు పాడి, మాటలు చెప్పి పేరు తెచ్చుకున్న పేదవారిలో కొందరు అటు మారారు, కొందరికి ఆ గుర్తింపు మళ్లీ దక్కలేదు. సమాచారం చేరే చిరునామా మారింది, ఇచ్చే పద్ధతి మాత్రం మారలేదు.

మతం అనే గడి

మన రాష్ట్రంలోనే జరిగిన ఒక సంఘటనను పాఠకులు గుర్తుచేసుకోవాలి. 2016లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రజా సాధికార సర్వే పేరుతో ఇంటింటి వివరాలు సేకరించింది. 2018 ఏప్రిల్‌లో హైదరాబాదుకు చెందిన పరిశోధకుడు శ్రీనివాస్ కొడాలి ఒక విషయం బయటపెట్టారు. రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైటులో సుమారు 1 లక్షా 34 వేల మంది ఆధార్ సంఖ్యలు, బ్యాంకు ఖాతాల వివరాలు, ఫోను నంబర్లు ఎవరికైనా కనబడేలా ఉన్నాయి. వాటి పక్కన కులం, మతం కూడా ఉన్నాయి. ఫలానా మతంవారి ఇళ్లు ఏవి అని వెదికి, అవి ఎక్కడున్నాయో గుర్తించగలిగే ఏర్పాటు ఉండడం అన్నిటికన్నా భయంకరమైన సంగతి. పత్రికలలో వచ్చిన తరువాతనే ఆ వివరాలను కప్పిపెట్టారు.

ఈ పని చేసింది చైనా యాప్ కాదు. కావాలని ద్రోహం తలపెట్టి ఎవరో చేశారని కూడా నేను అనడం లేదు. ఇల్లు మంజూరు కావాలంటే వివరాలు కావాలి, వివరాలు సేకరించారు, తాళం వేయడం మరిచారు. కాని 2002 గుజరాత్‌ను చూసిన తరం మనది. ఓటర్ల జాబితాలు పట్టుకొని ఇళ్లు వెదికారని బాధితులు చెప్పిన సాక్ష్యాలు చదివినవాళ్లం. ఇళ్లకు మతం గుర్తు పెట్టి ఉంచిన పట్టిక, శాంతికాలంలో ఎంత అమాయకంగా కనిపించినా, కానికాలంలో దేనికి పనికివస్తుందో మనకు వేరే చెప్పనక్కరలేదు.

ఇందులో మావంటి ప్రాంతాలవారికి ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. 2011 జనాభా లెక్కల ప్రకారం శ్రీకాకుళం జిల్లాలో ముస్లింలు ఒక శాతం కూడా లేరు. శ్రీకాకుళం పట్టణంలో కుతుబ్‌షాహీల కాలం నాటి జామియా మస్జిద్ ఉన్నా, వంశధార వెంట ఊళ్లలో మన ఇళ్లు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. కంపెనీలూ ఆఫీసులూ ఒక మాట చెబుతుంటాయి: “మేము పేర్లు తీసేసి సమాచారాన్ని ఇస్తాము, ఎవరినీ గుర్తుపట్టలేరు” అని. హైదరాబాదు పాతబస్తీలో ఆ మాట కొంతవరకు నిజం కావచ్చు. మా మండలంలో “ముస్లిం, స్త్రీ, అరవై ఏళ్లు, వితంతువు” అని నాలుగు గడులు నింపితే పేరు రాయవలసిన పనే లేదు, ఆమె ఇంటికి దారి అడగకుండానే వెళ్లవచ్చు. ఎంత తక్కువమందిమి ఉంటే అంత తొందరగా దొరుకుతాము. అల్పసంఖ్యాకులకు గోప్యత ఎక్కువ అవసరమని నేననడానికి కారణం ఇదే.

అలాగని లెక్కలే వద్దని నేను వాదించను. 2006లో జస్టిస్ రాజిందర్ సచార్ కమిటీ నివేదిక మన వెనుకబాటును దేశం ముందు పెట్టగలిగిందంటే అది లెక్కల వల్లనే. 2007లో ముస్లింలలోని వెనుకబడిన వర్గాలకు 4 శాతం రిజర్వేషన్ వచ్చిందంటే అధ్యయనం జరిగినందువల్లనే. లెక్క కావాలి, కాని ఎంతమంది అనే లెక్క వేరు, ఎవరి ఇల్లు ఎక్కడ అనే పట్టిక వేరు. మొదటిది మన హక్కులకు ఆధారం. రెండవది గట్టి తాళం లేకుండా ఉంటే మన మెడకు ఉరి.

నమాజ్ యాప్ నేర్పిన పాఠం

ఇక ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నకు వస్తాను. 2020 నవంబరులో అమెరికాకు చెందిన మదర్‌బోర్డ్ అనే వార్తాసంస్థ ఒక పరిశోధనాత్మక కథనం వెలువరించింది. నమాజ్ వేళలు, ఖిబ్లా దిశ చూపించే ముస్లిం ప్రో యాప్‌ను అప్పటికే ప్రపంచమంతటా తొమ్మిది కోట్ల ఎనభై లక్షల సార్లు డౌన్‌లోడ్ చేసుకున్నారు. దాన్ని వాడేవారు ఎక్కడెక్కడ తిరుగుతున్నారన్న సమాచారం ఎక్స్-మోడ్ అనే వ్యాపార సంస్థకు చేరుతున్నదని, ఆ సంస్థ వినియోగదారులలో అమెరికా సైన్యానికి పనిచేసే కాంట్రాక్టర్లు ఉన్నారని ఆ కథనం తెలిపింది. ముస్లిం ప్రో యాజమాన్యం వెంటనే ఆ సంస్థతో సంబంధం తెంచుకుంటున్నట్టు ప్రకటించింది. 2024 జనవరిలో అమెరికా ప్రభుత్వపు వాణిజ్య కమిషన్, ప్రార్థనా మందిరాల వంటి సున్నితమైన చోట్లకు వెళ్లేవారి సమాచారాన్ని అమ్మకూడదని ఎక్స్-మోడ్‌ను కట్టడి చేసింది.

అదే సంవత్సరం ఏప్రిల్‌లో అమెరికా, తన పౌరుల సమాచారం చైనాకు పోతుందనే భయంతో, టిక్‌టాక్‌ను చైనా యాజమాన్యం వదులుకోవాలి లేదా నిషేధం ఎదుర్కోవాలి అని చట్టం చేసింది. తన పౌరుల విషయంలో అంత పట్టింపు ఉన్న దేశంలోనే, నమాజ్ చదువుకునేవారి అడుగుజాడలు సంతలో సరుకయ్యాయి. దేశం పేరు చూసి యాప్‌ను నమ్మడం, దేశం పేరు చూసి నిషేధించడం రెండూ ఎంత అసంపూర్ణమైన పద్ధతులో దీనివల్ల తెలుస్తుంది. సూరె నూర్‌లో పరుల ఇంట అడుగుపెట్టే ముందు సలాం చేసి, అనుమతి పొందమన్న ఆదేశముంది. సూరె హుజురాత్‌లో ఇతరుల రహస్యాలు కూపీ లాగవద్దన్న హెచ్చరిక ఉంది. గడప దాటడానికే అనుమతి కావాలన్న ధర్మం, మనసులోకీ నడకలోకీ తొంగిచూడడానికి వర్తించదా?

ఆడపిల్లల ఫొటోలు

మన కుటుంబాలను నిజంగా భయపెట్టినవి వేరే ఉన్నాయి. 2021 జులైలో సుల్లీ డీల్స్ అనీ, 2022 జనవరి 1న బుల్లీ బాయీ అనీ రెండు యాప్‌లు పుట్టుకొచ్చాయి. జర్నలిస్టులు, విద్యార్థినులు, కార్యకర్తలైన ముస్లిం మహిళల ఫొటోలను వారి సామాజిక మాధ్యమాల ఖాతాల నుండి దొంగిలించి, వారిని వేలానికి పెట్టినట్టు చూపారు. హైదరాబాదుకు చెందిన, అరవై ఏళ్లు పైబడిన ఒక సామాజిక కార్యకర్త ఫొటో కూడా అందులో ఉంది. యాప్‌లను తొలగించారు. కాని మొదటి సంఘటనలో అరెస్టు జరిగింది ఆరు నెలల తరువాత, రెండవ సంఘటన మీద దేశమంతటా ఆగ్రహం వెల్లువెత్తాకనే. యాప్‌ను అడ్డుకోవడం గంటలలో జరిగింది, తప్పు చేసినవాణ్ణి పట్టుకోవడానికి నెలలు పట్టింది. మొదటిసారే న్యాయం జరిగి ఉంటే రెండవసారి ఆ సాహసం చేసేవారా?

ఈ వార్తలు విన్న మన ఇళ్లలో ఏం జరిగింది? ఎన్నోచోట్ల ఆడపిల్లల చేతిలోని ఫోన్లు లాక్కున్నారు. నేరం చేసినవాడు ఎక్కడో ఉన్నాడు, శిక్ష మన కూతురికి పడింది. కోపంగా అనిపించినా ఒక మాట చెప్పక తప్పదు. ప్రభుత్వం యాప్‌ను నిషేధించి భద్రత కల్పించామనుకున్నట్టే, మనం ఆడపిల్ల ఫోను లాక్కొని పరువు కాపాడామనుకుంటున్నాం. మన కళ్లకు కనబడకుండా చేసినంత మాత్రాన ప్రమాదం తొలగదు. పైగా ఆ పిల్లకు ఏదైనా ఇబ్బంది ఎదురైనప్పుడు ఇంట్లో చెప్పుకునే ధైర్యం పోతుంది. చెబితే ఫోను పోతుంది, చదువు పోతుంది అనే భయంతో బెదిరించేవాడికి లొంగిపోతుంది. నేరగాళ్లకు కావలసింది ఆ మౌనమే.

అప్పు యాప్‌ల ఉదంతంలో ఈ మౌనం ప్రాణాలే తీసింది. 2020 చివర తెలంగాణలో, ఆ తరువాత మన రాష్ట్రంలో అప్పు యాప్‌ల వేధింపులు భరించలేక పలువురు ఆత్మహత్య చేసుకున్నారు. అయిదు వేలో పది వేలో అప్పిచ్చి, ఫోనులోని నంబర్లన్నీ లాక్కొని, బంధువులకూ స్నేహితులకూ మార్చిన ఫొటోలు పంపి పరువు తీయడం వాటి పద్ధతి. 2023 ఫిబ్రవరిలో కేంద్రం 94 అప్పు యాప్‌లను, 138 పందేల యాప్‌లను అడ్డుకుంది. మంచిదే. కాని పేరు మార్చుకొని అటువంటివి మళ్లీ మళ్లీ వస్తూనే ఉన్నాయి. ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. అప్పు తీసుకున్నవాడు ఇచ్చింది తన నంబరు ఒక్కటే కాదు, మనందరి నంబర్లు. ఒకరి అనుమతితో వందమంది ఇళ్ల తలుపులు తెరుచుకున్నాయి. గోప్యత ఒక్కరి సొంత వ్యవహారం కాదని, అది ఉమ్మడి ఆస్తి వంటిదని ఈ ఉదంతం చెబుతున్నది.

చట్టం ఎంతవరకు వచ్చింది

2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం, గోప్యత మన ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా తీర్పునిచ్చింది. ఆ పిటిషన్ వేసిన జస్టిస్ కె.ఎస్. పుట్టస్వామి అప్పటికే ఎనభై దాటిన విశ్రాంత న్యాయమూర్తి. నావంటి రిటైర్డు ఉద్యోగులు ఆ పేరు గుర్తుంచుకోవాలి. మన వయసు సాకుగా చూపి ఇంట్లో కూర్చోనక్కరలేదు.

ఆ తీర్పు తరువాత ఆరేళ్లకు, 2023 ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి, ముఖ్యమైన నిబంధనలు అమలులోకి రావడానికి పద్దెనిమిది నెలల గడువు పెట్టారు. ఇందులో మనకు ఉపయోగపడేవి ఉన్నాయి. మన సమ్మతి అడిగే నోటీసును ఇంగ్లీషులోనే కాక, రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలులోని ఏ భాషలోనైనా పొందే వీలుంది. అంటే తెలుగులో అడగవచ్చు, ఉర్దూలో అడగవచ్చు. ఇచ్చిన సమ్మతిని వెనక్కి తీసుకోవచ్చు, సమాచారం చెరిపివేయమని కోరవచ్చు. పద్దెనిమిదేళ్లలోపు పిల్లల విషయంలో తల్లిదండ్రుల అనుమతి తప్పనిసరి. ఉల్లంఘించిన సంస్థలకు 250 కోట్ల రూపాయల వరకు జరిమానా పడవచ్చు.

లోపాలూ ఉన్నాయి. 2018లో జస్టిస్ బి.ఎన్. శ్రీకృష్ణ కమిటీ రూపొందించిన ముసాయిదాలో మతం, కులం వంటి వివరాలను సున్నితమైన సమాచారంగా గుర్తించి ఎక్కువ రక్షణ కల్పించారు. 2023 చట్టంలో ఆ విభజనే లేకుండా పోయింది. సమోసా దుకాణంలో మనమిచ్చిన ఫోను నంబరుకూ, మన మతం గడికీ చట్టం దృష్టిలో ఒకటే విలువ. దేశభద్రత, శాంతిభద్రతల పేరుతో ప్రభుత్వ సంస్థలను ఈ చట్టం నుండి మినహాయించే అధికారం కేంద్రానికి ఉంది. జరిమానా సొమ్ము ప్రభుత్వ ఖజానాకు పోతుంది, నష్టపోయినవారికి ఈ చట్టం కింద పరిహారం లేదు. ఈ మూడు లోపాల మీద మన సంఘాలు, మన ప్రజాప్రతినిధులు గొంతు విప్పాలి.

హైదరాబాదులో ఎస్.క్యూ. మసూద్ అనే సామాజిక కార్యకర్త చేసిన పని చూడండి. 2021లో లాక్‌డౌన్ రోజులలో పోలీసులు ఆయనను దారిలో ఆపి, మాస్కు తీయమని ఫొటో తీసుకున్నారు. ఆ ఫొటో దేనికి వాడతారని ఆయన అడిగారు. సంతృప్తికరమైన జవాబు రాకపోవడంతో, ముఖాన్ని గుర్తుపట్టే సాంకేతికతను పోలీసులు వాడడాన్ని ప్రశ్నిస్తూ తెలంగాణ హైకోర్టుకు వెళ్లారు. ఏ చట్టం కింద నా ఫొటో తీశారు అన్న ఒక్క ప్రశ్న. మా రికార్డు గది రిజిస్టరులో రెండవ గడి అదే: ఏ పని కోసం?

ఇప్పుడు పిల్లలకు సామాజిక మాధ్యమాలు నిషేధించాలన్న చర్చ కూడా మొదలైంది. ఆస్ట్రేలియాలో 2025 డిసెంబరు 10 నుండి పదహారేళ్లలోపు వారికి వీటిలో ఖాతాలు ఉండకూడదన్న చట్టం అమలవుతున్నది. పిల్లల మీద తల్లిదండ్రుల ఆందోళన న్యాయమైనదే. కాని వయసు తెలుసుకోవాలంటే రుజువు అడగాలి, రుజువంటే మళ్లీ ఒక కార్డు, ఒక ముఖచిత్రం. నిషేధం అమలు చేయడానికే మరింత సమాచారం ఇవ్వవలసి వస్తే, ఆ సమాచారానికి తాళం ఎవరిదన్న ప్రశ్న ముందుగా తేలాలి.

ముందు మన ఇల్లు

పరులను అడిగే ముందు మనం సరిదిద్దుకోవలసినవి ఉన్నాయి. రంజాన్ నెలలో రేషను కిట్లు పంచుతూ వితంతువులను వరుసగా నిలబెట్టి ఫొటోలు తీసి వాట్సాప్ గ్రూపులలో పెడుతున్నాం. జకాత్ అందుకున్నవారి జాబితాను ఫోను నంబర్లతో సహా పంపుతున్నాం. దాతకు లెక్క చూపించడం బాధ్యతే, అందుకు పుస్తకం ఉంది, రసీదు ఉంది. పేదరాలి ముఖం అక్కరలేదు. కుడిచేత ఇచ్చినది ఎడమచేతికి తెలియకూడదని బోధించే మనమే, గ్రూపులోని వందలమందికి తెలియజేస్తున్నాం.

మా చుట్టుపక్కల దరఖాస్తుల పని చేసేవాళ్లం నలుగురం కూర్చొని కొన్ని కట్టుబాట్లు చేసుకున్నాం. ఆధార్ నకలు అవసరమైనచోట, ఆఫీసు ఒప్పుకుంటే, మొదటి ఎనిమిది అంకెలు కనబడని మాస్క్‌డ్ ఆధార్ మాత్రమే ఇస్తాం. కాగితం నకలు మీద ఏ పని కోసం ఇస్తున్నామో, తేదీతో సహా అడ్డంగా రాస్తాం. దరఖాస్తు ముగిసిన వారంలోగా ఫోనులోని స్కాన్లు చెరిపేస్తాం. ఎవరి కాగితం ఎక్కడికి పంపామో ఒక రిజిస్టరులో రాస్తాం. పాత గుమాస్తా బుద్ధి అని నవ్వినా సరే. ఎవరైనా ఫొటోలతోనో అప్పు పేరుతోనో బెదిరిస్తే 1930 నంబరుకు ఫోను చేయించి, సైబర్ నేరాల పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టించడానికి తోడుగా వెళతాం. ఆడపిల్లలు వస్తే మా ఇళ్లలోని ఆడవారు తోడు వెళతారు. మస్జిద్ కమిటీలున్న ప్రతి ఊళ్లోనూ ఈ మాత్రం ఏర్పాటు కష్టం కాదు.

రెండు రోజుల తరువాత ఆ అమ్మాయి వచ్చింది. అన్నయ్యను కూడా పిలిపించాను. ముగ్గురం కూర్చొని ఆ ఫోనులోని యాప్‌లు ఒక్కొక్కటే తెరిచి చూశాం. నమాజ్ వేళల యాప్‌కు నంబర్ల అనుమతి, ఫొటోల అనుమతి తీసేశాం. ఎక్కడున్నావని అది అడిగినచోట ఊరి పేరు చేత్తో టైపు చేశాం. అది ఎప్పటిలాగే వేళలు చూపించింది. మూడు యాప్‌లు ఎందుకు వేసుకుందో ఆ అమ్మాయికే గుర్తులేదు, తీసేసింది. తరువాత అన్నయ్య ఫోను కూడా ఇమ్మన్నాను. కొంచెం తటపటాయించి ఇచ్చాడు. చెల్లెలి ఫోనులోకన్నా అతని ఫోనులోనే తలుపులు ఎక్కువ తెరిచి ఉన్నాయి. అందులో ఒక అప్పు యాప్‌కు ఇంటిల్లిపాది నంబర్లు చూసే అనుమతి ఉంది, అందులో ఆ చెల్లెలి నంబరు కూడా ఉంది.

అతను ఏమీ మాట్లాడలేదు. ఫోను తీసుకొని, ఆ అనుమతి తీసేసి, ఇంకెలా చూడాలో చెప్పమని చెల్లెలినే అడిగాడు. ఆ అమ్మాయి ఫోను ఆమె దగ్గరే ఉంది. సోమవారం కళాశాలకు వెళ్లింది.